సాఫ్ మాట

విజిట్ వీసాలో యాభై మూడో రోజు.
షార్జా, రోలా వెనక సందు,
పదకొండు మంచాల గదిలో నాది పైబెర్తు.
ఏసీ గాలి ముందు నాకే తగులుతుంది,
దాని నీటిబొట్టు కూడా.

మెకానికల్. ఎనభై ఒకటి పాయింటు నాలుగు.
ఆ పాయింటు నాలుగు కోసం నేను పడ్డ పాట్లు
ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ అడగలేదు.
థర్మోడైనమిక్స్ రెండో సూత్రం అప్పజెప్పడానికి
గొంతు సవరించుకుని కూర్చుంటాను.
వాళ్లేమో,
"మీ పైవాడితో ఎప్పుడైనా విభేదించారా?
అప్పుడేం చేశారు?" అంటారు.

విభేదించడమా!
మా కాలేజీలో ఇంటర్నల్ మార్కులు
నోరు మూసుకున్నవాడి ఖాతాలో పడేవి.
వైవాలో తల వంచితే తొమ్మిది,
ఎదురు ప్రశ్న వేస్తే నాలుగు.
పొదిలి నుంచి రోజూ రెండు బస్సులు మారి
నాలుగేళ్లు నేర్చుకున్నదల్లా "ఎస్ సర్".
ఇక్కడ అది చెల్లడం లేదు,
గడువులోగా మార్చుకోని పాత నోటులా.

నాలుగోసారి వద్దన్నవాళ్లు కారణం కూడా రాశారు:
సాఫ్ట్ స్కిల్స్ లేవట.
కింది బెర్తు బుచ్చిమల్లుకి చదివి వినిపించాను.
మెట్‌పల్లి మనిషి, పంతొమ్మిదేళ్ల స్కాఫోల్డింగు.
సంతకం వరకే తెలుగు,
నోటికి మాత్రం ఆరు భాషలు.

"సాఫా? మంచిదే గద.
సాఫ్ సీదా మాట్లాడుమంటున్నరు."
సాఫ్ కాదన్నా, సాఫ్ట్. మెత్తన.
"మెత్తగంటె పైపు నెత్తి మీద పడతది బిడ్డా.
నలభై మీటర్ల మీద నిలవడి
కింద క్రేన్ తిప్పే పఠాన్‌ను ఆగుమనాలె.
ఆడు ముక్కోపి.
చెప్పకుంటె పానం పోతది.
ఎట్ల చెప్తవ్?"

నాకు భ్రామకం సూత్రం గుర్తొచ్చింది.
మాట రాలేదు.

"ఆని బిడ్డ పేరు జర్మీనా.
జరమొచ్చి తగ్గిందా అని పొద్దుగాలే అడగాలె,
పని వడ్డంక కాదు.
పగటీలి ఆగు అంటె ఆగుతడు."
అని అటు తిరిగి పడుకున్నాడు.

యాభై ఎనిమిదో రోజు, జెబెల్ అలీ.
షీబా కురియన్ మేడమ్ అదే ప్రశ్న వేసింది.
పైవాడు లేడు మేడమ్, అన్నాను,
గదిలో ఏసీ రిమోట్ ఉంది.
ఒకటే రిమోట్, పదకొండు మంది.
పగలంతా ట్యాంకు లోపల వెల్డింగు చేసే గురుంగ్‌కి పద్దెనిమిది కావాలి,
భుజం పడిపోయిన కుంజుమోన్ కాకాకి ఇరవై ఆరు.
ఒక రాత్రి కొట్టుకోబోయారు.
నేను గంటల వారీగా పట్టిక గీసి గోడకి అతికించాను,
రంగులు కూడా వేశాను.
ఎవడూ పట్టించుకోలేదు,
ముగ్గురికి చదవడమే రాదు, నాకది తెలియదు.

తర్వాత ఒక్కొక్కరి మంచం మీద కూర్చుని అడిగాను.
గొడవ ఉష్ణోగ్రతది కాదు మేడమ్, పడకలది.
ఏసీ కింద నా బెర్తు గురుంగ్‌కిచ్చాను,
కాకాని మూలకి మార్చాం,
నేను తలుపు దగ్గరికెళ్లాను.
అక్కడ బూట్ల వాసన.

"మరి ఆ పట్టిక ఎందుకు పనిచేయలేదు?"

నేనెవర్నీ అడక్కుండా గీశాను మేడమ్.

ఒక తప్పు ఒప్పుకుంటూ
ఎదుటి మనిషి కళ్లలోకి చూడటం
నాకదే మొదటిసారి.
ఆవిడ ఏదో రాసుకుంది.
తలకిందుల అక్షరాలు, చదవలేకపోయాను.

రాత్రి వంటగదిలో
బుచ్చిమల్లు ఉల్లిగడ్డ కోస్తూ "ఏమాయె?" అన్నాడు.
తెలియదన్నా, అన్నాను.
ఇంకా రెండు రోజులుంది.

కోసిన ముక్కలు నూనెలో వేశాడు.
చిటపటలు కాస్త సద్దుమణిగాక
"గిన ఇంటర్వ్యూల ఏమేం అడుగుతరు?" అన్నాడు.
ఎందుకన్నా?

"ఊకెనే.
పంతొమ్మిదేండ్లాయె,
నన్నెవ్వలు ఏమడగలే."